సొంత గుర్రాలు

ఆరోన్ రుషికొండ షెడ్డుకి వచ్చేసరికి పెయింటరు వ్యాను మీది అక్షరాలు చెరిపేస్తున్నాడు. కిరసనాయిలు గుడ్డతో రుద్దుతుంటే ఎర్రరంగు కారి, చక్రం దాకా చారలు కట్టింది. 'గుర్రాలు కిరాయికి భద్రంగా చేరవేయబడును' అన్న వరసలో కిరాయి అన్న మాట ఎక్కడుండేదో ఇప్పుడు తెలియడం లేదు. భద్రం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

"ఎవులు సెరిపెయ్యమన్నారు?" అన్నాడు ఆరోన్.

"బాబుగారే. అర్జెంటన్నారు."

ఆరోన్ వెనక్కి వెళ్లి వ్యాను తలుపు దించాడు. లోపల ఇనుప రేకు మీద బాద్షా గిట్టలు గీసిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక మూల గడ్డి నెత్తురులో తడిసి అట్ట కట్టింది. నిన్న సాయంత్రం పెందుర్తి దాటాక మలుపులో ఓ ఆటో అడ్డంగా తిరిగింది. ఆరోన్ బ్రేకు తొక్కాడు. ముందు కూర్చున్నవాడికి అది చిన్న కుదుపే. వెనక నున్నటి రేకు మీద బాద్షా కాళ్లు జారాయి. రెండు గుర్రాల మధ్య అడ్డుకడ్డీ, తుప్పుపట్టిన బోల్టు దగ్గర ఊడి వచ్చేసింది. అంత గుర్రమూ, పక్కనే నిలబడి వస్తున్న దాని యజమాని గురువులు మీద పడింది. పశువుల డాక్టరొచ్చి ముందుకాలు చూసి, ఇంక లేవదని సూది మందు తీశాడు. ఆసుపత్రికి ఎక్కించిన ఆటోలో పడుకునే గురువులు దాని పేరు పెట్టి పిలుస్తూ ఉన్నాడు. సబ్బవరంలో పెళ్లికొడుకు ఆ గుర్రం కోసం ఎంతసేపు ఎదురు చూశాడో ఎవరికి తెలుసు!

"రావోయ్ ఆరోనూ. కూర్చో."

భీమశంకరరావు షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. స్టీలుప్లాంటులో కాంట్రాక్టులు చేసి, ఈ కొండ కింద గుర్రపుస్వారీ బడి పెట్టిన మనిషి. బడికి సొంత గుర్రాలున్నాయి. బడి లేని రోజుల్లో ఆ వ్యాను బీచ్‌లో గుర్రాలు నడుపుకునేవాళ్ల జంతువుల్ని పెళ్లిళ్లకీ, ఊరేగింపులకీ కిరాయికి మోస్తుంది. దాన్ని నడిపేది ఆరోన్. ఇన్నాళ్లలో ఆయన కూర్చోమనడం ఇదే మొదలు. ఆరోన్ కూర్చోలేదు.

"చూడు. ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు బుధవారం వస్తాడు. మన బండికి ఇన్సూరెన్సు సొంత సరుకుకే కట్టాం. కిరాయికి కాదు. కిరాయి పర్మిట్టూ లేదు. అంచేత నిన్న పోయిన గుర్రం మనది. గురువులు మన మనిషి, మన గుర్రాల్ని చూసుకునేవాడు. అడిగితే అంతే చెప్పు. అంతకు మించి నోరు విప్పకు."

"బాబూ, కిరాయికి పర్మిట్టు తీసీమని నాను సెప్పినాను. కింద రబ్బరు పట్ట యేయించమనీ, బోల్టు మార్చమనీ సెప్పినాను."

"చెప్పేవు. కాదన్నానా?" భీమశంకరరావు చట్నీలో ఇడ్లీ ముంచాడు. "బ్రేకు కొట్టింది కూడా నువ్వే కదా. పోలీసులు కేసు నా మీద రాశారనుకున్నావా? డ్రైవరు మీద రాస్తారు. నీకు వకీల్ని పెట్టాలంటే నేనే పెట్టాలి. గురువులుతో మాట్లాడేశాను, ఒప్పుకున్నాడు. ఇంక నీకెందుకు బాధ?"

ఆరోన్‌కి నాలుక చివరి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. తల దించుకుని షెడ్డులోకి వెళ్లాడు.

చివరి గదిలో మల్లి నిలబడి ఉంది. గురువులు రెండో గుర్రం, తెల్లది. పెళ్లి కోసం దాని నుదుటికి కట్టిన జరీ పట్టీ ఇంకా వేలాడుతోంది, ఎవరూ విప్పలేదు. భుజం మీద చర్మం లేచిపోయి ఈగలు ముసురుతున్నాయి. ఆరోన్ పట్టీ విప్పి పక్కన పెట్టాడు. బకెట్టులో నీళ్లు తెచ్చి, గుడ్డ తడిపి, పుండు చుట్టూ మెల్లగా అద్దాడు. మల్లి చర్మం అలల్లా వణికింది గాని కాలు ఎత్తలేదు. ఒక్కో గిట్టా ఎత్తి చూశాడు. కుంటు లేదు. పుండుకి వేపనూనె రాశాడు.

*

పెద్దాసుపత్రి ఎముకల వార్డులో గురువులు కుడికాలికి బరువు కట్టి వేలాడదీశారు. మంచం కింద నర్సులు తన్నకుండా చెప్పులు గోడవైపు పెట్టి ఉన్నాయి. ఆరోన్‌ని చూడగానే లేవబోయి, అబ్బా అని వాలిపోయాడు.

"కదలకు బావ."

"బాబుగారు పొద్దున్నే ఒచ్చినారు. యాపిల్ పళ్లు తెచ్చినారు, సూడు." గురువులు తలవైపు చూపించాడు. "బాద్షా ఆయనదని సెప్పీమన్నారు. నాను ఆయన దగ్గర పన్జేత్తన్నానని సెప్పాలంట. ఇన్సూరెన్సు ఒచ్చినాక నాకిచ్చీత్తారు. నువ్వూ అలాగే సెప్పు బావ."

"ఇచ్చీత్తానని ఎవరి ముందు సెప్పినాడు?"

"ఎవరి ముందేటి? నాకు సెప్పినారు. అంతోడు పెద్దోడు నా మంచం దగ్గర నిలబడి సెప్పినాడు."

"మరి పర్మిట్టు ఉన్నాదని, అన్నిటికీ ఇన్సూరెన్సు ఉన్నాదనీ నీకు సెప్పింది ఎవులు?"

గురువులు తన కాలికి కట్టిన తాడు వైపు చూశాడు. "నాకిప్పుడు కోపం ఒచ్చి ఏటి సేత్తాది బావ. ఈ కాలు అతుక్కోవాల."

అప్పుడే గురువులు భార్య గౌరీశ్వరి వచ్చింది. చీర కుచ్చెళ్ల నిండా ఇసక. చంకలో తవుడు మూట కట్టినది కట్టినట్టే ఉంది. మూట నేల మీద పడేసి, ఆరోన్ వైపు తిరిగింది.

"మల్లిని తోలుకొద్దారని రుషికొండ ఎల్లినాను అన్నయ్యా. నువ్వు అప్పుడే ఎల్లిపోయినావంట. వాచ్‌మేన్ గేటు తియ్యనేదు. బుధవారం ఎవరో సూడ్డానికి ఒత్తారంట, అందాకా ఇవ్వరంట. నా గుర్రం నాకు ఇవ్వడానికి ఎవులు ఒచ్చి సూడాల?"

"బుధవారం దాకా ఆగితే ఏటే?" అన్నాడు గురువులు. "దెబ్బ తగిలింది కదా. ఆళ్ల డాక్టరు సూత్తాడు."

"ఏ డాక్టరూ రానేదు," అన్నాడు ఆరోన్. "పుండు నానే కడిగినాను."

గౌరీశ్వరి మొగుడి వైపు చూసింది. గురువులు కళ్లు మూసుకున్నాడు. ఆవిడ తలవైపు ఉన్న పళ్ల సంచీ తీసి, వార్డు చివర ముసలాయన మంచం మీద పెట్టి వచ్చింది.

*

ఇంట్లో ఆరోన్ కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. భార్య రోజలిన్ కుట్టుమిషను మీద ఎవరివో జాకెట్లు కుడుతోంది.

"దొంగనాయాలు! అక్షరాలు సెరిపించీసినాడు. మడిసి కాలు ఇరిగి పడుంటే, గుర్రం సచ్చిపోతే, ఈడు పెయింటర్ని పిలిపించినాడు! రేకు మీద నెత్తురు కడగనేదు. రాత మాత్రం కడిగించినాడు!"

మిషను ఆగింది. "ఆయన ముందు ఏటన్నావు?"

ఆరోన్ మళ్లీ అన్నం కెలికాడు.

"నీ కోపం ఎప్పుడూ ఇంటికొచ్చినాకే వస్తాది," అంది రోజలిన్. దారం కొరికి మళ్లీ అంది: "నిజం సెప్తే నీ లైసెన్సు ఉంటాదా?"

"కిరాయికి పర్మిట్టు లేదని తెలిసీ నడిపినాను. ఉంటాదో పోతాదో."

"అబద్ధం సెప్తేనో?"

"సెప్తే నాకేటీ అవ్వదు. వకీల్ని పెడతాడు, ఉజ్జోగం ఉంటాది." కంచం దూరంగా తోసేశాడు. "అదే నాకు మండతన్నాది."

రోజలిన్ ఆ కంచం మళ్లీ అతని ముందుకి జరిపింది. "తిను. మండడానికైనా ఒంట్లో బలం ఉండాల."

*

బుధవారం సర్వేయరు పాత స్కూటరు మీద వచ్చాడు. కొండలరావు అని, సన్నటి మనిషి, చొక్కా జేబుకి సిరా మరక. కూల్‌డ్రింకు వద్దన్నాడు. ముందు వ్యాను ఎక్కి మోకాళ్ల మీద కూర్చుని రేకుని అరచేత్తో తడిమాడు. ఊడిన బోల్టు చేతిలోకి తీసుకుని, గోటితో తుప్పు గీకి చూసి, ఫోటో తీశాడు. కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

"బండిలో ఎన్ని గుర్రాలున్నాయి?"

"రెండేనండి," అన్నాడు భీమశంకరరావు. "మా బడి గుర్రాలే. ఒకటి పోయింది. ఇంకోటి అదిగో, లోపల ఉంది."

"రెండూ మీవే?"

"రెండూ మావేనండి."

ఆరోన్ ఉలిక్కిపడ్డాడు. ఆసుపత్రిలో గురువులు ఒప్పుకున్నది బాద్షా మాటే. మల్లి సంగతి ఎవరూ ఎత్తలేదు. క్షణం పట్టింది అతనికి. ఒక గుర్రం పరాయిదంటే బండి పరాయి సరుకు మోసినట్టే. కాబట్టి మల్లి కూడా ఈయనదే కావాలి. ఇవాళ సర్వేయరు రాసుకున్నాక రేపు గురువులు ఏ మొహంతో అడుగుతాడు? తన నోటితోనే పనివాడినని చెప్పుకున్నవాడు! గేటు ఎందుకు తియ్యలేదో, పుండు చూడని వాళ్లకి గుర్రం ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు అర్థమైంది. చచ్చినదాని డబ్బుతో ఆగలేదు, బతికున్నదాన్ని కూడా మింగడానికి చూస్తున్నాడు.

గేటు దగ్గర కేకలు వినిపించాయి. గౌరీశ్వరి వాచ్‌మేన్ చెయ్యి విదిలించుకుని లోపలికి దూసుకొచ్చింది.

"బాబూ, తమరేనా గుర్రాన్ని సూడ్డానికి ఒచ్చింది? అది నాది. నా పెనిమిటిది. బీచ్‌లో ఎవుల్ని అడిగినా సెప్తారు."

"మా గురువులు భార్యండి," అన్నాడు భీమశంకరరావు నిదానంగా. "ఆలుమగలు ఇద్దరూ మా గుర్రాల్ని సాకేరు. ప్రేమ ఉంటుంది మరి. మొగుడికి అలా అయ్యేసరికి పాపం మతి చెదిరింది."

"నాకు మతి ఉన్నాది! దాన్ని ఒదలండి బాబూ. ఒదిలి సూడండి. నాను పిలిస్తే నా దగ్గరికి ఒస్తాది."

కొండలరావు కాసేపు ఆలోచించి, ఆరోన్ వైపు తల ఆడించాడు. ఆరోన్ షెడ్డులోకి వెళ్లి మల్లిని బయటికి నడిపించుకొచ్చాడు. పగ్గం విప్పి పక్కకి తప్పుకున్నాడు. గౌరీశ్వరి చెయ్యి చాపి, నాలుక కొట్టి పిలిచింది. "మల్లీ! రాయే, రా." మల్లి చెవులు నిక్కాయి. తల ఎత్తి ఆవిడ వైపు చూసింది. ఒక అడుగు వేసింది కూడా. భీమశంకరరావు తొందరపడలేదు. దాణా తొట్టె పక్కన పెట్టిన బెల్లం ముక్క తీసి అరచేతిలో పెట్టి చాపాడు. మల్లి ముక్కుపుటాలు కదిలాయి. మెడ తిప్పి నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, బెల్లం అందుకుని, అరచెయ్యి కూడా నాకింది.

గౌరీశ్వరి చెయ్యి చాపింది చాపినట్టే ఉండిపోయింది.

"చూశారుగా," అన్నాడు భీమశంకరరావు, గుర్రం మెడ మీద తడుతూ.

ఆ గుర్రం తప్పేం లేదు. దాని బతుకే అది. పొద్దస్తమానం ముక్కూమొహం తెలియని పిల్లల చేతుల్లోంచి బిస్కట్లు తిని, ఎవరు ఎక్కితే వాళ్లని మోసి, ఇసకలో అటూ ఇటూ తిరిగిన జంతువు. చెయ్యి చాపిన ప్రతివాడి దగ్గరికీ వెళ్లమని నేర్పితేనే దానికీ, దాన్ని పెంచినవాళ్లకీ తిండి. గురువులు కడుపు కోసం నేర్పిన ఆ మంచితనాన్నే తీసుకుని ఈ మనిషి సాక్ష్యం చేసుకున్నాడు. ఆరోన్‌కి ఈసారి మాట నాలుక చివర ఆగలేదు.

"రెండూ ఈయనవి కావు బాబూ."

గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"సచ్చిపోయినదీ, ఇదీ, రెండూ గురువులువే. గురువులు ఇక్కడ పనోడు కాడు. ఈ బండి అందరి గుర్రాల్నీ మోస్తాది. కిరాయికి మోస్తాది. నడిపేది నాను. పర్మిట్టు లేదని నాకు తెలుసు, అయినా నడిపినాను. కింద పట్ట యెయ్యమంటే ఈయన యెయ్యనేదు. బోల్టు మార్చమంటే మార్చనేదు. మొన్న ఆదివారం దాకా కిరాయికని బండి మీద పెద్దచ్చరాలతో రాసుండేది. దెబ్బ తగిలిన మర్నాడు పెయింటర్ని పిలిచి సెరిపించీసినాడు."

"ఆరోనూ," అన్నాడు భీమశంకరరావు. గొంతు పెంచలేదు. "నీ పిల్లల మొహం చూసుకుని మాట్లాడు."

"సూసుకునే మాట్లాడతన్నాను."

కొండలరావు పెన్ను మూత తీశాడు. "ఆలోచించుకో. ఇది నీక్కూడా చుట్టుకుంటుంది. నేను రాశానంటే మళ్లీ కొట్టెయ్యను."

"రాయండి బాబూ."

ఆయన రాశాడు. ఆరోన్ చేత సంతకం పెట్టించాడు. గౌరీశ్వరి వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. "అయితే ఇన్సూరెన్సు ఒస్తాదా బాబూ?" అంది.

"రాదమ్మా. కిరాయికి తిప్పిన బండికి కంపెనీ ఇవ్వదు."

ఆవిడ మొహం పాలిపోయింది. ఆరోన్ తను సంతకం పెట్టిన కాగితం వైపు చూశాడు. తన నిజం వల్ల గురువులు కాలికి కట్టు ఖర్చు కూడా రాకుండా పోయిందా? భీమశంకరరావు ఆరోన్ వైపు తిరిగి, మొదటిసారి పళ్లు కనపడేలా నవ్వాడు.

"విన్నావా? నీ నోటిదూలకి వాడికి దక్కాల్సిందీ పోయింది. వెళ్లి చెప్పుకో."

కొండలరావు కాగితాలు సంచీలో సర్దుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"కంపెనీ ఇవ్వదన్నానండి. ఎవరూ ఇవ్వక్కర్లేదని అన్లేదు. కంపెనీ ఇవ్వకపోతే కోర్టు బండి ఓనర్ని ఇమ్మంటుంది. కాలికీ, గుర్రానికీ. బండి అమ్మైనా, ఈ స్థలం అమ్మైనా." అప్పుడు గౌరీశ్వరి వైపు చూశాడు. "ఆలస్యం చెయ్యకుండా కేసు వెయ్యండమ్మా. ఈ డ్రైవరు ఇప్పుడు నాకు చెప్పింది అక్కడా చెప్పాలి."

భీమశంకరరావు నవ్వు పెదాల మీదే ఉంది గాని, దాని వెనక మనిషి లేడు. ఆయన చూపు షెడ్డు మీదికీ, వెనక కొత్తగా లేస్తున్న మేడ మీదికీ వెళ్లి వచ్చింది. ఆయన పళ్లు పట్టుకుని ఆసుపత్రికి ఎందుకు పరిగెత్తాడో ఆరోన్‌కి ఇప్పుడు తెలిసింది. ఆ అబద్ధం గురువులుకి డబ్బు రావడానికి కాదు, ఈయన చేతి నుంచి డబ్బు పోకుండా ఉండడానికి.

గౌరీశ్వరి నేల మీది పగ్గం తీసి మల్లి మెడకి వేసింది. వాచ్‌మేన్ యజమాని మొహంలోకి చూశాడు. సర్వేయరు ఇంకా స్కూటరు దగ్గరే నిలబడి, హెల్మెట్ అద్దం తుడుచుకుంటున్నాడు. అంత తీరిగ్గా తుడవాల్సిన పని లేదు. భీమశంకరరావు మొహం తిప్పుకున్నాడు. గేటు తెరుచుకుంది.

"తాళాలు ఇచ్చెయ్," అన్నాడు భీమశంకరరావు.

ఆరోన్ జేబులోంచి తాళాలు తీసి, ఆయన చాపిన చేతిలో కాకుండా వ్యాను బానెట్ మీద పెట్టి వచ్చేశాడు.

*

బీచ్‌రోడ్డు వెంట ఇద్దరూ మల్లిని నడిపించుకుంటూ పోయారు. ఎండ చురుక్కుమంటోంది. దెబ్బ తగిలిన భుజానికి ఎండ తగలకుండా ఆరోన్ ఆ పక్కనే నడిచాడు. కొంత దూరం పోయాక గౌరీశ్వరి ఆగి, మల్లి మూతి మీద ఒక్కటి చరిచింది.

"బెల్లం కనిపిత్తే సాలు నీకు! సిగ్గులేనిదానా! ఆడు నీ తోడు గుర్రాన్ని సంపీసినోడే!"

మల్లి తల విదిలించి, ఆవిడ భుజం మీద మూతి ఆనించింది. గౌరీశ్వరి దాని జూలులో మొహం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆరోన్ సముద్రం వైపు తిరిగాడు.

కారు ఒకటి ఆగింది. కిటికీలోంచి ఒకాయన పాపని ఎత్తి చూపించి, "ఒక రౌండుకి ఎంత?" అన్నాడు.

"ఇయ్యాల ఎవుల్నీ మొయ్యదు," అంది గౌరీశ్వరి మొహం తుడుచుకుంటూ. "గాయమైంది దానికి."

*

మర్నాడు పొద్దున ఆరోన్ వార్డులోకి అడుగు పెట్టేసరికే గురువులుకి సంగతంతా తెలుసు. గౌరీశ్వరి చెప్పింది. భీమశంకరరావు మనిషీ వచ్చి, ఇంక ఆసుపత్రి ఖర్చులు మీవేనని చెప్పిపోయాడు. గురువులు మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నాడు. ఆరోన్ మంచం పక్కన నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నన్ను అడిగినావా బావ?" గోడతోనే అన్నాడు గురువులు. "నా కాలు, నా గుర్రం. నిజం సెప్తానని నన్ను ఒక్కమాట అడిగినావా?"

"అడగనేదు."

"ఆయన ఎంతో కొంత ఇచ్చీవోడే."

"మల్లిని కూడా ఆయనదే అన్నాడు బావ."

గురువులు ఆ మాట గౌరీశ్వరి నోట వినే ఉంటాడు. మగవాడి నోట మళ్లీ విన్నాక గాని లోపలికి దిగలేదేమో. మంచం అంచు పట్టుకున్న అతని వేళ్లు తెల్లబడ్డాయి. కాలికి కట్టిన బరువు చిన్నగా ఊగింది.

"నా మంచం మీద సెయ్యేసి మాట్లాడినాడు," అన్నాడు. "నా తల నిమిరినాడు లంజకొడుకు. బాద్షాని సంపి, మల్లిని కట్టీసుకుని, నా తల నిమిరినాడు!"

పక్క మంచాలవాళ్లు తలలు తిప్పారు. ఈ నాలుగు రోజుల్లో గురువులు గొంతు లేవడం ఇదే మొదలు. గౌరీశ్వరి మంచినీళ్లు అందించబోతే చేత్తో తోసేశాడు.

"కేసు ఏత్తాను. ఎన్నేళ్లు పట్టినా సరే, కుంటుకుంటూ తిరుగుతాను." కష్టపడి మొహం ఇటు తిప్పాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆరోన్‌ని సూటిగా చూశాడు. "ఆయన బోల్టు మార్చనేదని సెప్తావు. పట్ట యెయ్యనేదని సెప్తావు. మరి బ్రేకు నువ్వేసినావు బావ. అది కూడా సెప్తావా?"

"ముందు అదే సెప్తాను," అన్నాడు ఆరోన్.

గురువులు అతన్నే చూస్తూ ఉన్నాడు. తర్వాత మోచేతి మీద ఆనుకుని, నొప్పికి పళ్లు బిగబట్టి, మంచం మీద ఓ మనిషి కూర్చునే చోటు వదిలి జరిగాడు.